ఎడమవైపు చైను

చాలా ఏళ్లుగా నేనొక బరువు మోస్తున్నాను. ఇంట్లో కూర్చుని ఉన్నప్పుడు అది తెలియదు. వంశీ కనబడితే తెలుస్తుంది. వంశీ దగ్గరికొచ్చి నవ్వుతూ "బాగున్నరా అంకుల్" అంటే మరీ తెలుస్తుంది. మా ఆవిడకు చెప్పలేదు. డాక్టరైన మా అమ్మాయికి చెప్పలేదు. కాలేజీ రోజుల నుంచి రోజూ డైరీ రాసే అలవాటు ఉంది నాకు, దానికీ చెప్పలేదు. ఆ రోజు పేజీలో వాతావరణం ఉంది, తిన్న తిండి ఉంది, "లోడరు చైను ఊడింది" అని ఉంది. ఎందుకు ఊడిందో లేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పబుద్ధి అవుతోంది.

నాకు పద్ధతిగా రాయడమే వచ్చు. అలాగే మొదలుపెడతాను.

తేదీ: ఈస్టరు ముందు శనివారం. సంవత్సరం రాయను, రాస్తే ఎవరైనా గుర్తుపట్టవచ్చు.

స్థలం: ఐర్లండులో నేవన్ ఊరు దాటాక, డెక్లన్ అనే రైతు పొలంలో వాలుగా ఉన్న ఒక మూల.

హాజరైనవారు: నేను. పొలమూ, లోడరూ తనవే అయిన డెక్లన్. ఆ రోజు లోడరు నడిపిన వంశీ. అతని భార్య స్వాతి. వాళ్ల పాప మిన్ను, అప్పుడప్పుడే బడికి వెళ్తున్న పిల్ల.

పేర్లన్నీ మార్చాను. నా పేరు రాయడం లేదు. అది ధైర్యం లేక కాదు అని ఒక వాక్యం రాసి, కొట్టేశాను. ధైర్యం లేకనే.

నేను కాలువ తవ్వకాల మీద పనిచేసే బుల్డోజర్లను బాగుచేసే వర్క్‌షాపులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అమ్మాయికి ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం కావడంతో మనవణ్ణి చూసుకోవడానికి వచ్చి, నేనూ మా ఆవిడా ఇక్కడే ఉండిపోయాం. ఇక్కడి తెలుగువాళ్లకు నేను మిషన్ అంకుల్‌ని. గడ్డి కోసే మిషను మొరాయించినా, బాయిలరు చప్పుడు చేసినా నాకే ఫోను వస్తుంది. నేను వెళ్లి ఒక మాట చెబుతాను. దానికి ఎవరూ ఎదురు చెప్పరు. ఆఫీసులో మేనేజరుతో గంటసేపు వాదించే కుర్రాళ్లు కూడా నా దగ్గర "సరే అంకుల్" అంటారు. తెల్లజుట్టుకు మనవాళ్లు ఇచ్చే మర్యాద అది. దాన్ని నేను నా పనితనానికి ఇచ్చే మర్యాద అనుకుంటూ వచ్చాను. రెండూ ఒకటేనా? అప్పట్లో ఈ ప్రశ్న నాకు రాలేదు.

వంశీది వరంగల్ దగ్గర ఊరు. క్లాండాల్కిన్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పని. అప్పటికి ఆడమ్స్‌టౌన్‌లో అద్దెకు ఉండేవాడు. ఒకసారి కుండీల్లోకి ఎరువు కావాలని డెక్లన్ దగ్గరికి వెళ్లి, అక్కడ నిలబెట్టి ఉన్న లోడరును చూశాడు. చిన్నది. ముందు బకెట్టు, కింద చక్రాలకు బదులు రెండువైపులా రబ్బరు చైన్లు. ఒక్కసారి ఎక్కి చూడవచ్చా అని అడిగాడట. ఆ తర్వాత శనివారం వస్తే చాలు, అక్కడే. గొర్రెల కొట్టం ముందు పేడ ఎత్తిపోసేవాడు, కంకర పరిచేవాడు, డెక్లన్ వద్దన్నదాకా పనిచేసి వచ్చేవాడు. మెల్లగా ఒక ఆలోచన పుట్టింది. కొత్తగా కట్టే ఇళ్ల వెనక తోటలన్నీ బంకమట్టి, వాన పడితే మడుగులు. ఉద్యోగం మానేసి, పాతదో కొత్తదో ఒక లోడరు కొనుక్కుని, ఆ తోటలు చదును చేసే పని పెట్టుకోవాలి. ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖం చూడాలి మీరు. ఆఫీసు గురించి మాట్లాడేటప్పుడు ఆ ముఖం ఉండేది కాదు.

స్వాతికి భయం. ఎవరికి ఉండదు? నెలనెలా వచ్చే జీతం మానుకుని మట్టి ఎత్తుతానంటే ఎవరు ఊరుకుంటారు?

అదే సమయంలో మేం కొన్ని కుటుంబాలవాళ్లం డెక్లన్ పొలంలో ఆ వాలు మూలను లీజుకు తీసుకున్నాం. ఇనుప వంపులు పాతి, పైన ప్లాస్టిక్ షీటు గుడారంలా కప్పి, లోపల గోంగూర, పచ్చిమిర్చి, కరివేపాకు పెంచాలని. ముందు నేల చదును చెయ్యాలి. వంశీ చేస్తానన్నాడు. డెక్లన్ లోడరు ఇస్తానన్నాడు. ముందురోజు స్వాతి మా ఇంటికొచ్చింది, వంశీ వెనకే ఉన్నాడు.

"అంకుల్, రేపు మీరు దగ్గరుండి చూడుండ్రి. ఈన చెయ్యి మంచిదే అని మీరంటే నేనింకేమనను, రాజీనామా రాసుకోనీ. కాదంటే మాత్రం ఈ ముచ్చట మళ్ల ఇంట్ల ఎత్తొద్దు."

"ఎగ్జామ్ పెడుతున్నది అంకుల్," అన్నాడు వంశీ. "ఇన్విజిలేటర్ మీరే. జెర చూసీ చూడనట్టు ఉండుండ్రి."

అందరం నవ్వుకున్నాం. నేను సరేనన్నాను. ఒక మనిషి బతుకుదెరువు మీద తీర్పు చెప్పమంటే అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాను? గర్వంగా అనిపించింది. అంతే అయి ఉంటుంది.

శనివారం పొద్దున్నే చేరాం. సన్నటి జల్లు. డెక్లన్ ఏదో గొర్రె ఈనేలా ఉందని అవతలి పొలానికి వెళ్తూ, యంత్రాల మనిషివి నువ్వే కదా, ఓసారి దాన్ని చూడు అని నాతో అన్నాడు. వంశీ, స్వాతి అటు చివర మేకులు కొట్టి తాడు కడుతున్నారు. లోడరు దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను.

ఇక్కడ యంత్రం గురించి కొంచెం చెప్పాలి. చైను బిగుతు సరిగ్గా ఉండాలి. మరీ బిగిస్తే లోపలి రోలర్లు అరిగిపోతాయి. మరీ వదులైతే చైను ఊడి బయటికొస్తుంది. ఆ బిగుతంతా గ్రీజు చేతిలో ఉంటుంది. ప్రతివైపూ చైను లోపల ఒక గొట్టం, దానికొక వాల్వు. గ్రీజు గన్నుతో కొడితే గొట్టంలోకి గ్రీజు చేరి చైను బిగుస్తుంది. పానాతో వాల్వు కాస్త తిప్పితే గ్రీజు బయటికొచ్చి చైను వదులవుతుంది. బిగించడానికి గన్ను చాలు. వదులు చెయ్యడానికి పానా కావాలి. ఈ తేడా ఒకటి గుర్తుపెట్టుకోండి.

నేను చైను పైభాగం చూశాను. బుల్డోజరుకు అలాగే చూస్తాం. పైన ఇనుప చైను రోలర్ల మధ్య కొంచెం వేలాడాలి, చేతులు చాపి పట్టుకున్న చీరలాగ. ఈ రబ్బరు చైను పైన ఏమీ వేలాడటం లేదు. కర్రలా ఉంది. అయ్యో, ఎంత బిగించేశారు అనుకున్నాను. పైగా ఇది బురద. బురదలో నడిచే బుల్డోజరుకు మేం చైను కాస్త వదులుగానే ఉంచేవాళ్లం. మట్టి లోపల చేరి దానంతటదే బిగుసుకుంటుంది. ఇవన్నీ నిజాలే. బుల్డోజరు విషయంలో నిజాలు. రబ్బరు చైను లెక్క వేరు. దాన్ని పైన చూడకూడదు. బండిని నేల మీంచి కాస్త లేపి, కింద మధ్య రోలరుకూ చైనుకూ ఎంత సందు ఉందో చూడాలి. కొంచెం ఎక్కువ వదులైనా వాలు మీద ఊడిపోతుంది.

ఇది నాకు అప్పుడు తెలియదా? ఇక్కడే నాకు అర్థం కాదు. లోడరు పక్కన ఒక స్టిక్కరు ఉంది. దాని మీద బొమ్మ ఉంది, బండి లేచి ఉన్నట్టు, చైను కింద ఒక బాణం గుర్తు. ఆ బొమ్మ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. దాని మీద ఎండిన మట్టి ఉంటే ఎవరో బొటనవేలితో తుడిచినట్టు కూడా గుర్తుంది. ఆ వేలు నాదే. ఎప్పుడు తుడిచాను? పానా తియ్యకముందా? అంతా అయిపోయిన తర్వాతా? ముందే చూసి ఉంటే అది తెలిసి చేసిన తప్పు. తర్వాత చూసి ఉంటే తెలియక చేసిన తప్పు. ఎన్నిసార్లు ఆలోచించినా ఆ వేలు ఒకసారి ముందు కనిపిస్తుంది, ఒకసారి తర్వాత కనిపిస్తుంది. పద్ధతైన మనిషినని పేరు నాకు. నా చేతివేలు ఎప్పుడు ఎక్కడ ఉందో నాకే తెలియదు.

పనిముట్ల సంచి నాది, ఇంటి నుంచి తెచ్చుకున్నది. పానా తీశాను. ఎడమవైపు వాల్వు తిప్పాను. బూడిదరంగు గ్రీజు వానపాములా బయటికొచ్చింది. పైన చైను కాస్త వేలాడేదాకా ఆగి, వాల్వు బిగించాను. కుడివైపు వెళ్దామని లేస్తుంటే స్వాతి పిలిచింది, "చాయ్ చల్లారుతది అంకుల్" అని. వెళ్లాను. ఫ్లాస్కులో చాయ్, అల్లం వేసింది. తాగాను. కుడివైపు సంగతి మర్చిపోయాను. ఎడమవైపు కూడా మళ్లీ ఒకసారి చూసుకోవాలని అనుకున్నట్టు ఉంది. లేదా అనుకున్నానని ఇప్పుడు అనుకుంటున్నానా?

వంశీ ఎక్కాడు. ముందుకూ వెనక్కూ కొంచెం నడిపి, ఆపి, తల బయటపెట్టాడు.

"అంకుల్, లెఫ్ట్ చైన్ జెర లూజ్ కొడుతున్నట్టుంది కదా?"

"బురదలో అలాగే ఉండాలయ్యా. నువ్వు నడుపు."

"సరే అంకుల్."

అంతే. ఆఫీసులో ఇంకెవరైనా అలా అని ఉంటే అతను దిగి చూసేవాడు. అతని పద్ధతి అది, నాకు తెలుసు. నేనన్నాను కాబట్టి దిగలేదు.

తర్వాత చాలాసేపు పని బాగా సాగింది. ఇది తప్పకుండా రాయాలి. ఎత్తుగా ఉన్నచోట బకెట్టు అంచుతో పల్చగా గీకి, పల్లంలో పరిచి, వెనక్కి వస్తూ బకెట్టు వీపుతో నిమిరేవాడు, పెనం మీద దోసె పిండి తిప్పినట్టు. తొందర లేదు, తడబాటు లేదు. వర్క్‌షాపులో ఎందరో ఆపరేటర్లను చూశాను నేను. కొందరికి నేర్పితే వస్తుంది. కొందరు ఎక్కీ ఎక్కగానే యంత్రం వాళ్ల మాట వింటుంది. వంశీ ఆ రెండో రకం. చెయ్యి మంచిదమ్మా, రాజీనామా రాసుకోనివ్వు. ఈ వాక్యం నా మనసులో పూర్తిగా తయారైపోయింది. సాయంత్రం ఎలా చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను.

ఇంక గేటు పక్క వాలు మాత్రం మిగిలింది. స్వాతి పులిహోర డబ్బా తేవడానికి మిన్నును తీసుకుని కారు దగ్గరికి వెళ్లి, తిరిగి గేటులోంచి లోపలికి వస్తోంది. వంశీ వాలు మీద లోడరును వెనక్కి తిప్పబోయాడు. కాస్త చురుగ్గానే తిప్పాడు. డబ్‌మని పెద్ద చప్పుడు. ఎడమవైపు చైను పక్కకు జారి, ఊడి, బురదలో పడింది. ఒకవైపు పట్టు పోయిన బండి అడ్డంగా తిరిగి వాలులో కిందికి జారింది. గేటు వైపు. స్వాతి వైపు. గుడారానికి తెచ్చిన ఇనుప వంపులు అక్కడ కుప్పగా పెట్టి ఉన్నాయి. బకెట్టు వాటికి తగిలి, అవి మెలికలు తిరిగి, బండి ఆగింది. పాప రెక్క పట్టుకుని స్వాతి గేటు అవతలికి దూకింది. పులిహోర డబ్బా బురదలో బోర్లా పడింది.

ఎవరికీ ఏమీ కాలేదు. దేవుడి దయ అంటారు కదా. ఆ మాట ఆ రోజు అందరూ అన్నారు. నేనూ అన్నాను.

వంశీ దిగాడు. ముఖంలో రక్తం లేదు. పాపను తడిమి చూశాడు, స్వాతిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. స్వాతి కూడా నన్నే చూసింది.

"ఏమైందంకుల్? ఎందుకట్లైంది?"

నా కుడిచేతి వేళ్లకు గ్రీజు ఉంది. చెయ్యి కోటు జేబులో పెట్టుకున్నాను.

"వాలు మీద అంత చురుగ్గా తిప్పకూడదమ్మా," అన్నాను.

చూడండి, ఇది అబద్ధం కాదు. వాలు మీద అంత చురుగ్గా తిప్పకూడదు. ఎవరైనా అదే చెబుతారు. ఇక్కడ ఆగిపోయినా నాకు దారి ఉండేది. స్వాతి ఆగనివ్వలేదు.

"అంటే ఈనదే తప్పా? చెయ్యి మంచిది కాదా? చెప్పుండ్రి అంకుల్, మొహమాటం వద్దు."

వంశీ పెదవులు కొంచెం విచ్చుకున్నాయి. ఏదో అనబోతున్నాడనిపించింది. చైను లూజ్ అని చెప్పిన కదా అంకుల్ అంటాడనిపించింది. అతను అనకముందే నేనన్నాను.

"చెయ్యి ఇంకా కుదరలేదమ్మా."

"అయిపోయింది," అంది స్వాతి. "ఇగ చాలు. విన్నవు కదా? ఇగ చాలు."

"సరే," అన్నాడు వంశీ. ఆమెతోనో నాతోనో తెలియలేదు.

మిన్నుకు భయం పోయి ఉషారొచ్చింది. గేటెక్కి, ఇక్కడి పిల్లల యాసలో "డాడీ బ్రోక్ ద డిగ్గర్!" అని అరిచింది.

డెక్లన్ చప్పుడు విని పరుగెత్తుకొచ్చాడు. అందరూ బాగున్నారా అని అడిగి, ఏం పర్వాలేదన్న అర్థంలో ఇక్కడివాళ్లు అనే గ్రాండ్, గ్రాండ్ అనుకుంటూ బకెట్టును నేలకు ఆనించి బండి ముందుభాగం పైకి లేపాడు. ఊడిన చైనును చేత్తో ఎత్తి చూసి, బాగా వదులైపోయిందే, నిన్న నేనే చూసుకోవాల్సింది, తప్పు నాది అన్నాడు. గడ్డపారతో చైనును మళ్లీ ఎక్కించి, గ్రీజు గన్ను తెచ్చి కొట్టడం మొదలుపెట్టాడు. చాలాసేపు కొట్టాడు. ప్రతి నొక్కునూ నేను లెక్కపెట్టుకున్నాను. వంశీ పక్కనే మోకాళ్ల మీద కూర్చుని చూస్తున్నాడు. లేదండీ, తప్పు నాది, నేనే స్పీడుగా తిప్పిన అని డెక్లన్‌తో ఇంగ్లీషులో చెబుతున్నాడు. కాదు నాదే అంటాడు డెక్లన్. నాదే అంటాడు వంశీ. ఇద్దరూ తప్పు కోసం పోటీ పడుతున్నారు. తప్పు ఎవరిదో తెలిసిన మనిషి జేబులో చెయ్యి పెట్టుకుని, వాన పెద్దదయ్యేలా ఉందే అన్నాడు.

ఆ కోటు ఇప్పటికీ ఉంది. జేబు లోపల బూడిదరంగు మరక. మా ఆవిడ ఎన్నిసార్లు ఉతికినా పూర్తిగా పోలేదు. ఏమిటిదని ఒకసారి అడిగింది. గ్రీజు అన్నాను. దానికి కూడా నిజమే చెప్పాను చూడండి.

మీరు నన్ను అడగవచ్చు, నిజంగా చైను వదులు వల్లే ఊడిందా అని. నేనూ అడుగుతాను. వాలు మీద బిగుతుగా ఉన్న చైను కూడా ఊడవచ్చు. లోపల ఒక రాయి చేరితే చాలు. వంశీ చురుగ్గా తిప్పిన మాట కూడా నిజం. పాప కనబడింది కాబట్టి ముచ్చటగా తిప్పి చూపిద్దామనుకున్నాడేమో. వర్క్‌షాపులో ఇలాంటివి జరిగితే కారణాలు రాసి, ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చేవాళ్లం. ఇందులో నేను ఏదీ కొట్టెయ్యలేకపోతున్నాను. అయినా ఆ లెక్కతో పనేముంది? నేను చెప్పాల్సింది ఒక్క ముక్క, చైను నేను వదులు చేశానని. ఊడడానికి అది కారణమో కాదో వాళ్లు తేల్చుకునేవాళ్లు. చెయ్యి మంచిదన్న మాట నా నోట్లో సిద్ధంగా ఉండగా, కుదరలేదన్నాను. దానికి రాయీ వాలూ కారణం కాదు కదా.

వంశీ మళ్లీ లోడరు ఎక్కలేదు. గుడారం పని డెక్లన్ పూర్తి చేశాడు. గోంగూర బ్రహ్మాండంగా వచ్చింది. పార్టీల్లో వంశీకి పేరు స్థిరపడిపోయింది. "వంశీకి కారు కీస్ ఇవ్వకండ్రా, చైన్ ఊడగొడతాడు" అని ఒకడు, "కారుకు చైన్ ఉండదురా" అని ఇంకొకడు, "వంశీ నడిపితే మొలుస్తది" అని మూడోవాడు. వంశీ కూడా నవ్వేవాడు. నేనూ నవ్వాను. ఒకసారి, ఎవరో ఆ కథ తప్పుగా చెబుతుంటే, కాదు, ఎడమవైపు చైను అని నేనే సరిదిద్దాను. ఎందుకు సరిదిద్దాను? వివరం తప్పైతే ఊరుకోలేని అలవాటు.

ఆ మధ్య వాళ్లు ఆడమ్స్‌టౌన్‌లో సొంత ఇల్లు కొనుక్కున్నారు. గృహప్రవేశానికి వెళ్లాం. స్వాతి నాకు కొత్త పంచె పెట్టి, కాళ్లకు దండం పెట్టి, అందరూ వింటుండగా అంది.

"అంకుల్ ఆ రోజు మొహమాటపడకుండ ఉన్నదున్నట్టు చెప్పబట్టి ఇయ్యాల ఈ ఇల్లుంది. లేకుంటే ఈన ఉద్యోగం ఇడిచిపెట్టి మట్టి ఎత్తుకుంట ఉంటుండె."

అందరూ చప్పట్లు కొట్టారు. నాకేమీ అర్థం కాలేదు. నిజంగానే నా అబద్ధం వాళ్లకు మంచి చేసిందా? ఆ సంవత్సరం పని పెట్టుకుని ఉంటే మునిగిపోయేవాడా? తేలేవాడా? ఎవరు చెప్పగలరు? ఇల్లు బాగుంది. పిల్ల మంచి బడిలో చదువుతోంది. ఆ ఆనందంలోంచి చూస్తే నేను ఉపకారం చేసినట్టే ఉంది. వంశీ కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీలోంచి వెనక తోట చూస్తున్నాడు. బంకమట్టి, మధ్యలో మడుగు. చదును చెయ్యడానికి ఎవరినో మాట్లాడాను, వచ్చేవారం వస్తారు అంకుల్ అన్నాడు.

ఇంకోరోజు బస్సులోంచి అతన్ని చూశాను. కొత్త ఇళ్లు కడుతున్నచోట కంచె బయట నిలబడి ఉన్నాడు, భుజాన లాప్‌టాప్ సంచి. లోపల లోడరు మట్టి సర్దుతోంది. వంశీ రెండు చేతులూ కోటు జేబుల్లో ఉన్నాయి. మోచేతులు మాత్రం కొంచెం కొంచెంగా కదులుతున్నాయి. ముందుకు, వెనక్కు, పక్కకు. లోపలి మనిషి మీటలు లాగినప్పుడల్లా. బస్సు కదిలిపోయింది. దిగి ఉండవచ్చు. తర్వాతి స్టాపులోనైనా దిగవచ్చు. ఇంటికి వచ్చి, ఆ రోజు డైరీలో బస్సు ఆలస్యమైందని రాశాను.

అతనికి తెలుసా? ఈ ప్రశ్నే నన్ను ఎక్కువ గాభరా పెడుతుంది. తెలియకపోతే, ఇన్నేళ్లూ తన చేతులనే నిందించుకుంటూ బతికాడు. తెలిస్తే, ఇన్నేళ్లూ నా ముఖం చూసి "బాగున్నరా అంకుల్" అన్నాడు. ఈ రెండింటిలో ఏది నాకు కావాలో కూడా తెలియడం లేదు.

ఇక చైను ఊడిన మరునాటి పొద్దున సంగతి ఒక్కటి మిగిలింది. దీనికోసమే ఇదంతా రాశాను.

ఈస్టరు ఆదివారం. బయట జల్లు పడుతోంది, మా ఇళ్ల కాలనీ అంతా నిశ్శబ్దంగా ఉంది. నేను టీ పెట్టుకుంటుంటే బెల్లు మోగింది. తలుపు తీస్తే వంశీ. ఒక చేతిలో మా మనవడికి మిన్ను పంపిన చాక్లెట్ గుడ్డు. ఇంకో చేతిలో పేపర్లో చుట్టిన పొట్లం. లోపలికి రమ్మన్నాను. షూస్‌కు మట్టి ఉందంకుల్ అని గుమ్మంలోనే నిలబడ్డాడు. పొద్దున్నే మళ్లీ పొలానికి వెళ్లి, వంగిన ఇనుప వంపులు సరిచేసి వస్తున్నాడట.

"సారీ అంకుల్," అన్నాడు. "నిన్న మిమ్మల్ని మస్తు పరేషాన్ చేసిన. మీరు అంత నమ్మి దగ్గరుంటే, నేనే గట్ల చేసిన."

తర్వాత పొట్లం నా చేతికిచ్చాడు.

"మీ పానా అంకుల్. అక్కడ ఇడిచిపెట్టొచ్చిండ్రు. చైన్ దగ్గర గడ్డిల ఉండె."

పేపరు విప్పాను. మట్టి లేదు, గ్రీజు లేదు. శుభ్రంగా కడిగి తుడిచి ఉంది. చాయ్‌కి పిలిచినప్పుడు వాల్వు పక్కనే పెట్టి మర్చిపోయి ఉంటాను.

చైను బిగించడానికి పానా అక్కర్లేదు. నెలలపాటు శనివారాలు ఆ యంత్రం పక్కనే గడిపిన మనిషికి ఆ సంగతి తెలుసు. ముందురోజు డెక్లన్ గన్ను కొడుతుంటే మోకాళ్ల మీద కూర్చుని చూసినవాడికి తెలుసు. నేను తల ఎత్తి అతని ముఖం చూశాను. ఏమైనా కనబడుతుందేమోనని చూశాను. మామూలుగా ఉంది. నిద్ర లేని కళ్లు, అంతే. నేనేదైనా అంటానని ఎదురుచూశాడా? కొంచెంసేపు నిలబడ్డాడు. అది ఎదురుచూడటమా, వాన తగ్గాలనా?

"పర్వాలేదయ్యా," అన్నాను. "అలవాటు లేని పని కదా. ఇంకెప్పుడూ తొందరపడకు."

"సరే అంకుల్," అన్నాడు.

వెళ్లిపోయాడు. తలుపు వేసి, పానాను సంచిలో దాని చోట పెట్టాను. పొయ్యి మీద టీ పొంగిపోయింది.

ఎడమవైపు చైను వదులు చేసింది నేను. ఈ వాక్యం ఇంతకుముందు ఎక్కడా రాయలేదు. రాశాక చెయ్యి కాస్త తేలికైంది. మిగతాదంతా ఎక్కడిదక్కడే ఉంది.